నీళ్లు కొట్టిన బండికి బ్రేకు ఉండదు

నలభై ఏళ్లు కార్ల సొట్టలు తీశాను, కార్లు కడిగాను. ధవళేశ్వరం నుంచి కడియం వెళ్లే కాలవగట్టు రోడ్డు మీద నాకో షెడ్డు ఉండేది. బోర్డు మీద టింకరింగ్, పెయింటింగ్, వాటర్ సర్వీసింగ్ అని రాయించాను. ఇప్పుడక్కడ ఎరువుల గోడౌను కట్టారు. నా దగ్గర పనిచేసినవాళ్లు ఇద్దరు ఈ మధ్య సొంత షెడ్డు పెట్టుకుంటూ, "మీకు తెలిసిందంతా ఓ నోట్‌బుక్కులో రాసివ్వండి వీర్రాజు గారూ" అని అడిగారు.

రాయడానికి కూర్చున్నాక తెలిసింది, నాకు తెలిసింది పది పేజీలకి మించదని. అందులో తొమ్మిది పేజీలు ఎవరైనా చెబుతారు, ఫోన్లో వీడియోలు కూడా ఉన్నాయి. పదో పేజీ కోసమే ఇది రాస్తున్నాను. అది చదివాక నా మీద గౌరవం పోతే పోనివ్వండి. ఉండాల్సినదాని కన్నా ఎక్కువే ఉంది నా మీద జనానికి.

నీళ్ల గన్ను

ప్రెషర్ గన్ను చేతిలోకి రాగానే ప్రతివాడికీ కాస్త పొగరు వస్తుంది. నాకూ వచ్చింది. మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతుంటే ఏదో ఘనకార్యం చేస్తున్నట్టు ఉంటుంది. నిజం చెప్పాలంటే రోడ్డు మీద పాడైన కార్ల కన్నా మన చేతుల్లో, శుభ్రం చేసే వంకతో పాడైన కార్లని నేను ఎక్కువ చూశాను.

గన్ను మూతి బండికి మూరెడు దూరంలో ఉండాలి. విసనకర్రలా విచ్చుకునే నాజిల్ పెట్టాలి. సూదిలా ఒక్కచోటే కొట్టే నాజిల్ సిమెంటు గచ్చుకి, కారుకి కాదు. నేను కొత్తలో ఓ డాక్టరు గారి కారు బానెట్టు మీద కాకిరెట్ట పోవడం లేదని గన్ను దగ్గరికి పెట్టి కొట్టాను. రెట్టతో పాటు అరచెయ్యంత పెయింటు లేచిపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు, మళ్లీ నా షెడ్డు వైపు రాలేదు.

ఎండలో కాగిన రేకు మీద చన్నీళ్లు కొట్టకండి. నీడకి తెచ్చి, చెయ్యి పెట్టి చూసి, చల్లబడ్డాక మొదలుపెట్టండి. గుడ్డ ముట్టుకునే ముందు ఒట్టి నీళ్లతో ఇసక అంతా పోగొట్టాలి. మన దగ్గర ఇసక లారీ తిరగని రోడ్డు లేదు. ఆ ఇసక ఉండగానే గుడ్డ పెట్టి రుద్దేస్తే ఆ పూటకి నిగనిగలాడుతుంది, మర్నాడు ఎండలో చూస్తే బండి నిండా సన్నటి గీతలు. కొత్తగా పెయింటు వేసిన తలుపు మీద నెల్లాళ్లు గన్ను పెట్టొద్దు. రబ్బరు బీడింగుల మీద, రేడియేటరు రెక్కల మీద, బానెట్టు కింద వైర్ల మీద తిన్నగా కొట్టొద్దు. సముద్రం వైపు పోతే బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, వెంటనే తుడవకపోతే తెల్లమచ్చలు పడతాయి. ఇవన్నీ చెబితే మీరు తలూపుతారు, గన్ను పట్టుకోగానే మర్చిపోతారు. నేను చూసినవాళ్లంతా అంతే.

సొట్ట

చిన్న సొట్టకి సుత్తి తియ్యకండి. ప్లాస్టిక్ బంపరైతే వేణ్ణీళ్లు పోసి లోపల్నించి అరచేత్తో తొయ్యండి, చాలావరకు అదే వస్తుంది. రేకైతే ఓపిక కావాలి. సొట్ట లోతుగా ఉన్న చోటుకి ముందు వెళ్లకూడదు. చుట్టూ చిన్న గట్టులా లేస్తుంది చూడండి, అక్కణ్ణించి మొదలుపెట్టాలి. ఆ గట్టుని మెల్లగా అణుచుకుంటూ, లోపల్నించి కడ్డీతో కొద్దికొద్దిగా తోసుకుంటూ మధ్యకి రావాలి. మధ్యలో ఒక్క గట్టిదెబ్బ వేశారంటే రేకు సాగుతుంది. సాగిన రేకు మళ్లీ కుదురుకోదు, దాన్ని పుట్టీతో కప్పెట్టి పెయింటు వెయ్యడమే. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ పుట్టీ పెచ్చులూడి మన పరువు తీస్తుంది.

కంటిని నమ్మకండి. కళ్లు మూసుకుని అరచేత్తో నిమరండి. ఆ తర్వాత ట్యూబులైటు నీడ రేకు మీద పడేట్టు చూడండి. ఆ నీడ వంకర లేకుండా సాగితే పని అయినట్టు.

ఇప్పుడు పెద్ద షోరూముల్లో సొట్ట తీసేవాడు లేడు. పెసరగింజంత సొట్టకి తలుపు మార్చేస్తారు. దాన్నే పని అంటున్నారు. ఈ విద్య నాతో పోతుందనే దిగులు నాకు ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. పోతే పోనీ.

ఈ పనిలో ఒక దౌర్భాగ్యం ఉంది. ఎంత బాగా చేస్తే అంతగా ఎవరికీ కనపడదు. వడ్రంగి చేసిన తలుపు ఉంటుంది, తాపీవాడు కట్టిన గోడ ఉంటుంది, మనం తీసిన సొట్ట ఉండదు. అందుకని మనకి పొగడ్తల ఆకలి ఎక్కువ. "అబ్బ, ఎక్కడుందో తెలియట్లేదయ్యా" అని ఎవరన్నా అంటే కరిగిపోతాం. నాకైతే ఆ మాట కాఫీ కన్నా ఎక్కువ.

సూరన్న మేస్త్రి గారు

నాకు పని నేర్పింది రాజమండ్రిలో సూరన్న మేస్త్రి గారు. నోరు మంచిది కాదు. సుత్తి కాళ్ల మీద పడేసుకున్నవాణ్ణి కూడా ముందు తిట్టి, తర్వాతే మందు రాసేవారు. కానీ ఒక్క విషయంలో ఆయన్ని ఎవరూ కదిలించలేకపోయేవారు.

"నీళ్లు కొట్టిన బండికి బ్రేకు ఉండదు రా" అనేవారు.

పాత కార్లకి నాలుగు చక్రాల్లోనూ డ్రమ్ము బ్రేకులుండేవి. గన్ను నీళ్లు లోపలికి దూరాయంటే డ్రమ్ముని ఒరుసుకుని బండిని ఆపే లైనర్లు తడిసి జారతాయి. మొదటి నాలుగైదు తొక్కుళ్లకి బండి ఆగదు. అందుకని మేస్త్రి గారు కడిగిన ప్రతి బండినీ యార్డులో ముందుకీ వెనక్కీ తోలేవారు, బ్రేకు మీద కాలు సుతారంగా ఆనించి. ఆ రాపిడికి వేడెక్కి డ్రమ్ము ఆరుతుంది. అయిదు నిమిషాల పని. ఇప్పటి డిస్కు బ్రేకులు త్వరగా ఆరతాయి గానీ మొదటి తొక్కుడుని నమ్ముకోకండి.

ఓసారి ఓ ప్లీడరు గారు కోర్టుకి టైమైపోతోందని అరుస్తున్నారు. మేస్త్రి గారు తాళాలు రొంటిని దోపుకుని టీ తాగుతూ కూర్చున్నారు. "అరవండి బాబూ. కోర్టువాళ్లు వాయిదా ఇస్తారు, డ్రమ్ములు ఇవ్వవు. టీ అయ్యాక తోలి చూసి ఇస్తాను" అన్నారు. ఆ ప్లీడరు గారు తిట్టుకుంటూ బల్ల మీద కూలబడ్డారు. మళ్లీ బండి కడిగించాలంటే మాత్రం అక్కడికే వచ్చేవారు.

సొంత షెడ్డు పెట్టాక ఇరవై ఏళ్ల పైగా నేనూ ఆ పద్ధతి తప్పలేదు, ఒక్క రోజు తప్ప.

కార్తీక సోమవారం

రంగారావు గారిది ధవళేశ్వరంలో ఇత్తడి సామాన్ల కొట్టు. సరదా మనిషి. ఆయన దగ్గర ఓ పాత కారు ఉండేది, నాలుగూ డ్రమ్ము బ్రేకులే. దాన్ని ఎంతమంది అమ్మెయ్యమన్నా వినేవారు కాదు. ఆయన భార్య సత్యవతమ్మ గారు పంచాంగం చూడకుండా గడప దాటేవారు కాదు.

ఆ సోమవారం ఇద్దరూ పొద్దున్నే షెడ్డుకి వచ్చారు. పట్టిసీమ రేవుకి వెళ్లి, పడవెక్కి, వీరభద్రస్వామి దర్శనం చేసుకోవాలని మొక్కు.

"ఏవోయ్ వీర్రాజు, కొట్టు ముందు తోపుడుబండివాడు తలుపు మీద పొడిచాడు చూడు. సొట్టబండి వేసుకుని వెళ్తే స్వామికి కోపం రాదూ?" అన్నారు రంగారావు గారు.

"స్వామికేం గానీ మీకే నామోషీ అండి" అన్నాను. నవ్వారు.

"వర్జ్యం పదీ నలభైకి వస్తోంది వీర్రాజూ. ఆలోగా ఇక్కణ్ణించి కదిలిపోవాలి మేము. తర్వాత గంటన్నర దాకా బయల్దేరకూడదు" అన్నారు సత్యవతమ్మ గారు. కళ్లజోడు పెట్టుకుని నా గోడ మీద క్యాలెండరు కూడా ఓసారి చూసుకున్నారు.

తలుపు లోపలి అట్ట విప్పి, కడ్డీ పెట్టి, పెయింటు చిట్లకుండా సొట్ట తీశాను. పదయ్యింది. అప్పుడు కడగడం మొదలుపెట్టాను. చక్రాల లోపల గట్టురోడ్డు బురద పేరుకుని ఉంది. గన్ను లోపలికంటా పెట్టి కొట్టాను. తుడిచి తాళాలు చేతిలోకి తీసుకునేసరికి పదీ ముప్పై ఏడు.

సత్యవతమ్మ గారు కారెక్కబోతూ ఆగిపోయారు. "అయ్యో, నా కళ్లజోడు!"

నా బల్ల మీద పెట్టారట. నేను తెస్తానన్నా వినలేదు. "నీకు కనపడదులే, ఎక్కడ పెట్టానో నాకే గుర్తు లేదు" అంటూ లోపలికి వెళ్లారు. పాత పేపర్ల కింద ఉందది. వెతికి పట్టుకుని వచ్చేసరికి ఆరు నిమిషాలు పట్టింది.

ఆ ఆరు నిమిషాలు నాకు చాలు. కారెక్కి యార్డులో నాలుగుసార్లు తిప్పితే అయిపోయేది. నేనేం చేశానంటే, చేతిలో గుడ్డ పట్టుకుని ఆ తలుపుని మళ్లీ తుడుస్తూ నిలబడ్డాను. రంగారావు గారు వంగి, ఇటు నుంచి చూసి, అటు నుంచి చూసి, "అబ్బ! ఎక్కడుందో తెలియట్లేదోయ్. నీ చేతికి కంకణం తొడగాలి" అన్నారు. ఆయన ఇంకోసారి అంటారేమోనని ఇంకోసారి తుడిచాను. బ్రేకుల సంగతి నాకు గుర్తులేక కాదు. గుర్తుంది. ఇంకో నిమిషం ఆగి చేద్దామనుకున్నాను.

ఆవిడ వచ్చి గోడ గడియారం చూశారు. "పదీ నలభై మూడు. వర్జ్యం వచ్చేసిందండి. పోనీ కాసేపు ఆగి వెళ్దామా?"

"మూడు నిమిషాలకి కొంపలేం మునగవు. అదీగాక ఆ వీరభద్రుడి దగ్గరికే కదా వెళ్తున్నాం. ఎక్కు ఎక్కు" అన్నారాయన. నా వైపు చెయ్యి చాపారు. తాళాలు ఇచ్చేశాను.

ఆవిడ మాట విని ఆ గంటన్నర ఆగి ఉంటే బ్రేకులు చాలావరకు వాటంతటవే ఆరేవి. ఇది నాకు ఆ రాత్రికి గానీ తట్టలేదు.

షెడ్డు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది, బ్రేకుతో పనిలేదు. అర కిలోమీటరు అవతల మొక్కల లోడుతో ఓ లారీ నర్సరీలోంచి వెనక్కి వస్తూ రోడ్డుకి అడ్డంగా నిలిచింది. రంగారావు గారు బ్రేకు తొక్కారు. బండి ఆగలేదు. లారీని తప్పించబోయి గట్టు దిగి కాలవలో పడింది. నిండుకాలవ. నేను పరిగెత్తుకుని వెళ్లేసరికి నర్సరీ కూలీలు దూకి సత్యవతమ్మ గారిని ఒడ్డుకి చేర్చారు. ఆయన్ని తీసేసరికి ఆలస్యమైపోయింది.

కారు వెనకాల మోటారుసైకిలు మీద వస్తున్న ఒకాయన అందరికీ చెబుతున్నాడు, "బ్రేకు లైటు వెలిగిందండి, నేను చూశాను. బండి మాత్రం తగ్గలేదు" అని. ఆ మాటకి అర్థం తెలిసినవాణ్ణి ఆ గుంపులో నేనొక్కణ్ణే.

అడిగినవాళ్లకి నేను చెప్పింది

కారుని పైకి లాగాక చూడ్డానికి వచ్చిన ఇనస్పెక్టరు గారు నన్ను పిలిచారు. చక్రాల్లోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. "కాలవలో పడ్డ బండికి ఇంకేం తేలుతుందయ్యా. నీ దగ్గరికి వచ్చినప్పుడు బ్రేకులెలా ఉన్నాయి?" అని అడిగారు.

"బాగానే ఉన్నాయండి" అన్నాను.

అది అబద్ధం కాదు. వచ్చినప్పుడు బాగానే ఉన్నాయి. వెళ్లినప్పుడు ఎలా ఉన్నాయని ఆయన అడగలేదు. ఆ సందులో నేను పదకొండేళ్లు దాక్కున్నాను.

పదో రోజుకి వాళ్లింటికి వెళ్లాను. సత్యవతమ్మ గారు గోడకి జారగిలబడి కూర్చున్నారు. వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట. "వర్జ్యం వచ్చేస్తోందని ఆయన్ని తొందరపెట్టింది నేను. మళ్లీ కళ్లజోడని వెనక్కి వెళ్లిందీ నేనే. నా చేతులారా నేనే పంపించేశాను ఆయన్ని." వచ్చినవాళ్లు కూడా తలలూపుతున్నారు, వర్జ్యంలో బయల్దేరడం తప్పే అన్నట్టు. నేను మూడు మూరల దూరంలో కూర్చున్నాను. నోరు మెదపలేదు.

ఎందుకని అడిగితే ఒకటే జవాబు, భయం. కేసవుతుంది, షెడ్డు మూతపడుతుంది, ఊళ్లో తలెత్తుకోలేను. ఇంతకన్నా పెద్ద కారణం ఏదన్నా ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

ఆ తర్వాత వాళ్లబ్బాయి కారుని నా షెడ్డుకే పంపించారు, అమ్మడానికి వీలుగా సొట్టలు తియ్యమని. తీశాను. ముందుభాగం అంతా నలిగిపోయింది గానీ, ఆ రోజు నేను బాగుచేసిన తలుపు మీద చిన్న గీత కూడా లేదు. దాని మీద చెయ్యి వెయ్యలేకపోయాను.

వాళ్లబ్బాయి తర్వాత కొన్న కారు కూడా నా దగ్గరికే వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆవిడ గురించి ఏదో ఒకటి చెప్పేవారు. ఆ రోజు నుంచి అమ్మ కళ్లజోడు పెట్టుకోవడం మానేసిందండి అన్నారు ఓసారి. కొత్తది కొనిచ్చినా బీరువాలో పడేసింది అన్నారు. ఇల్లంతా తడుముకుంటూ తిరుగుతోంది అన్నారు. నేను వింటూ పని చేసుకునేవాణ్ణి. చివరికి మెట్టు కనపడక పడిపోయి తుంటి విరిగిందని చెప్పారు. ఆ రోజు చేతిలో కడ్డీ కింద పెట్టేశాను.

చెప్పడానికి వెళ్లాను

సత్యవతమ్మ గారు హాల్లో మంచం మీద పడుకుని ఉన్నారు. మనిషి సగమైపోయారు. కోడలు కుర్చీ వేసి, కాఫీ తెస్తానని లోపలికి వెళ్లింది. గొంతు పట్టి ఎవరో తెలుసుకుని, "వీర్రాజూ, నువ్వా బాబూ" అన్నారు.

"అమ్మగారూ, ఆ రోజు కారు వర్జ్యం వల్ల పడలేదండి" అన్నాను. ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు. గన్ను చక్రాల్లోకి కొట్టడం, బ్రేకులు ఆరబెట్టకపోవడం, ఆవిడ లోపలికి వెళ్లిన ఆరు నిమిషాలూ తలుపు తుడుస్తూ నిలబడటం, ఇనస్పెక్టరు గారికి చెప్పిన ముక్క, అంతా చెప్పాను. "మీ తప్పు లేదండి. మీరు కళ్లజోడు కోసం వెళ్లడం వల్ల నాకు టైము దొరికింది. నేను వాడుకోలేదు. ఆయన్ని పోగొట్టింది నేనండి."

"మా అబ్బాయి పంపించాడా నిన్ను?" అన్నారు ఆవిడ.

"లేదండి. ఎవరూ పంపలేదండి."

"కళ్లజోడు పెట్టుకోమని చెప్పడానికి అందరూ అయిపోయారు. ఇప్పుడు నిన్ను పంపించాడు. ఈ కథ కూడా వాడే చెప్పమన్నాడా?"

"కథ కాదండి. నా పిల్లల మీద ఒట్టండి."

"పిల్లల మీద ఒట్లెందుకు నాయనా, తప్పు. అప్పుడు ఇనస్పెక్టరు అడిగితే బ్రేకులు బాగున్నాయనే కదా చెప్పావు. ఇన్నేళ్లకి మారిపోతాయా?"

"భయపడి అలా చెప్పానండి."

ఆవిడ పైకప్పు వైపు చూస్తూ, మెల్లగా, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "పోనీ నువ్వన్నదే నిజమనుకో. నేను వెనక్కి వెళ్లకపోతే ఆరు నిమిషాల ముందు వెళ్లిపోయేవాళ్లం. అప్పటికి ఆ లారీ నర్సరీలోంచి బయటికే వచ్చుండదు. అవునా, కాదా?"

"అలా కాదండి" అని ఏదో మొదలుపెట్టాను. ఏడుపొచ్చింది.

కోడలు కాఫీ తెచ్చింది. ఆవిడ కోడలితో, "చూడమ్మా, నా బాధ చూడలేక ఈ అబ్బాయి తప్పంతా తన నెత్తిన వేసుకుంటున్నాడు. సొంతవాళ్లు కూడా చెయ్యరు ఇలాగ" అన్నారు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ నాకు దణ్ణం పెట్టింది. నేను ఇంకోసారి చెప్పబోయాను. "ఇంక వద్దు బాబూ, నాకు అర్థమైంది" అన్నారు సత్యవతమ్మ గారు.

ఆ పదో రోజున, గోడ పక్కన కూర్చున్నప్పుడే ఇదే మాట చెప్పి ఉంటే నమ్మేవారు. నోటికొచ్చినట్టు తిట్టేవారు, శాపనార్థాలు పెట్టేవారు, అబ్బాయిని పంపి నన్ను స్టేషన్లో కూర్చోబెట్టేవారు. ఆవిడ కోపానికి ఒక మనిషి దొరికేవాడు. నేను దొరక్కుండా తిరిగాను, ఆ కోపమంతా ఆవిడ తన మీదే తీర్చుకున్నారు.

లేస్తుంటే దగ్గరికి రమ్మన్నారు. వంగాను. చెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి నా తల మీద ఆగింది. "చల్లగా ఉండు నాయనా, నీలాంటివాళ్లు ఉండబట్టే వానలు కురుస్తున్నాయి" అని దీవించి పంపారు.